ఆంగ్లమున బలమును తెలుపు విశేషణములు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



ఇరువదియైదేండ్లుగా ఈ గ్రామమునకు అక్షరసేవ చేయుచున్న పుస్తకశాల రజతోత్సవమున నాలుగు మాటలు చెప్పుటకు నాకు అవకాశమిచ్చిన కార్యవర్గము వారికి కృతజ్ఞుడను. మన బీరువాలలో అట్టలూడి, అంచులు నలిగి, పలుమారులు కుట్టు వేయించుకొనిన పుస్తక మేది యని వెదకి చూచితిని. అది పురాణమును కాదు, నవలయును కాదు. ఇంగ్లీషు తెలుగు నిఘంటువు. పరీక్షకు చదువు పిల్లలు, ఉద్యోగమునకు దరఖాస్తు వ్రాయు యువకులు, మందు డబ్బాపై అచ్చు తెలిసికొనగోరు రైతులు, అందరును దానినే ఆశ్రయించుచున్నారు. కావున ఆ నిఘంటువు ఒంటరిగా చేయజాలని పని యొకదానిని గూర్చి మాటలాడుట ఉచితమని తోచినది.

అందులో ‘స్ట్రాంగ్’ అను మాట తీయుడు. బలమైన అని యుండును. ‘పవర్‌ఫుల్’ తీయుడు; బలమైన. ‘మైటీ’, ‘రోబస్ట్’, ‘స్టర్డీ’, ‘విగరస్’, ‘పొటెంట్’, ‘ఫోర్స్‌ఫుల్’ ఏది తీసినను బలమైన, దృఢమైన, శక్తిగల అను మూడు మాటలే తిరిగి తిరిగి వచ్చుచుండును. నిఘంటువు అబద్ధమాడలేదు. కాని ఏ యిల్లాలును ఒకే పనికి పది గరిటెలు ఉంచుకొనదు. ఇంగ్లీషువారు ఇన్ని మాటలు దాచుకొనినారన్న, ఒక్కొక్కదానికి ఒక్కొక్క పని యుండి తీరవలెను. ఆ పని తెలియక మాట వాడినచో ఒకచోట నవ్వులపాలగుటతో పోవును. మరియొకచోట ప్రాణము మీదికి వచ్చును. ఆ రెండవ సంగతికి ప్రసంగము చివర వత్తును.

మొదట మన యింటి సంగతి చూచుకొందము. ‘గట్టి’ అను తెలుగుమాట మనకు ఎన్ని చోట్ల అక్కరకు వచ్చుచున్నదో గమనింపుడు. నేల గట్టిది. మోకు గట్టిది. రాత్రి గట్టివాన కురిసినది. పిల్లవాడు గట్టిగా అరచినాడు. మునసబుగారు గట్టివాడు. మూడు మారులు జబ్బుపడియు బ్రతికిన బిడ్డను గట్టిపిండ మందుము. ఈ యారు చోట్లను ఇంగ్లీషువాడు ఆరు మాటలు వాడును. నేల ‘హార్డ్’, మోకు ‘స్ట్రాంగ్’, వాన ‘హెవీ’, అరపు ‘లౌడ్’, మునసబు ‘టఫ్’, బిడ్డ ‘హార్డీ’. వానను ‘స్ట్రాంగ్’ అనినచో వాడు నవ్వును. గాలిని ‘హెవీ’ అనినను అంతే. పైనుండి పడునది బరువు, అడ్డముగా వీచునది బలము, అది వారి లెక్క. మన లెక్క వేరు. ఏ లెక్కయు తప్పు కాదు.

ఇక వారి ‘స్ట్రాంగ్’ను మన వైపునుండి చూచినచో ఇదే వింత తలక్రిందుగా కనబడును. ‘స్ట్రాంగ్’ టీ యన్న చిక్కని టీ. ‘స్ట్రాంగ్’ పొగాకన్న ఘాటు పొగాకు. ఏటిలో ‘స్ట్రాంగ్’ ప్రవాహమన్న వడిగల నీరు. ‘స్ట్రాంగ్’ వెలుగన్న కన్ను చెదరగొట్టు వెలుగు. ఎన్నికలైన పిమ్మట ఓట్ల యంత్రములను పెట్టి తాళము వేయు గదిని ‘స్ట్రాంగ్ రూమ్’ అనుట మీరందరును వినియేయుందురు. ‘స్ట్రాంగ్ లాంగ్వేజ్’ అనగా మాత్రము బలమైన భాష యని భ్రమపడరాదు. కటువైన మాట, ఒక్కొక్కప్పుడు బూతుమాటయే యని యర్థము. తన కుమారుని ఆంగ్ల పాండిత్యమును మెచ్చుకొనుటకు ఒక తండ్రి ఈ మాట వాడెననుకొనుడు, వినువాడు ఆ కుమారుని గూర్చి ఏమనుకొనునో ఊహింపుడు.

ఈ సంగతిని శాస్త్రముగా చెప్పినవారిలో ముఖ్యుడు జె. ఆర్. ఫర్త్. ఆయన 1920 దశకమున లాహోరులోని పంజాబు విశ్వవిద్యాలయమున ఆంగ్లాచార్యుడుగా నుండి, తరువాత లండనులో భాషాశాస్త్రము బోధించెను. మాటకు అర్థము దానియందే ముడివేసి యుండదనియు, అది యే మాటలతో కలసి మెలసి తిరుగునో ఆ సహవాసమునందును కొంత యర్థ ముండుననియు ఆయన 1951లో ప్రతిపాదించెను. దీనికి ఆయన పెట్టిన పేరు ‘కొలొకేషన్’. నేను దానిని మాటల పొత్తు అందును. ఆయన శిష్యుడు హాలిడే 1966లో ప్రకటించిన వ్యాసమున ఈ పొత్తునకు ఉదాహరణముగా టీనే తీసికొనెను. టీ ‘స్ట్రాంగ్’ కావచ్చును గాని ‘పవర్‌ఫుల్’ కారాదు. మోటారుకారు ‘పవర్‌ఫుల్’ కావచ్చును గాని ‘స్ట్రాంగ్’ అనినచో ఇంపుగా నుండదు. వాదము మాత్రము రెండును కావచ్చును. ఎందుచేత నని అడిగినచో వ్యాకరణము బదులు చెప్పదు. వాడుక అట్లున్నది. పొత్తు కుదిరినది, కుదురనిది అను రెండే కలవు.

అయినను వట్టి కంఠస్థమునకు మిమ్ములను విడిచిపెట్టుట నాకు ఇష్టము లేదు. ‘స్ట్రాంగ్’కును ‘పవర్‌ఫుల్’కును నడుమ ఒక గీటు కలదు, అది నూటికి నూరుపాళ్లు నిలువకున్నను చాలవరకు నిలుచును. ‘స్ట్రాంగ్’ అను మాటకును, త్రాటిని, తీగెను తెలుపు ‘స్ట్రింగ్’ అను మాటకును పుట్టిల్లు ఒకటే. బిగిసియున్నది, తెగనిది అను భావము అందున్నది. ‘పవర్’ అనునది చేయగలుగుట అను అర్థముగల లాటిను క్రియనుండి ఫ్రెంచి మీదుగా వచ్చినది. కావున ఓర్చుకొను బలము, నిలుచు బలము, పట్టుకొను బలము ‘స్ట్రాంగ్’. ఎదుటిదానిని కదలించు బలము ‘పవర్‌ఫుల్’. వంతెన, తలుపు, పునాది, పండ్లు, పట్టుదల ‘స్ట్రాంగ్’. ఇంజను, ఉపన్యాసము, భూతద్దము, మంత్రిగారి బావమరది ‘పవర్‌ఫుల్’.

మన పొలములలోని మోటారును చూడుడు. దాని రేకుపై ఐదు హార్స్‌పవర్ అని యొకచోట, 3.7 కిలోవాట్లు అని యొకచోట వ్రాసి యుండును. రెండును ఒకటే, ఒక హార్స్‌పవర్‌కు 746 వాట్లు. ఆ అంకె మోటారు ఎంత వేగముగా పనిచేయగలదో తెలుపును. ఆ పని చూచియే మోటారును ‘పవర్‌ఫుల్’ అందురు. దాని క్రింది సిమెంటు దిమ్మె ఏ పనియు చేయదు. మోటారు అదురును ఓర్చుకొని కదలక నిలుచును. అది ‘స్ట్రాంగ్’. బలమైన దిమ్మెపై బలమైన మోటారు అని మనము తెలుగున నిశ్చింతగా చెప్పుదుము. ఇంగ్లీషున ఆ రెండు బలములును రెండు మాటలు.

ఇన్ని మాటలు ఎట్లు చేరినవని విద్యార్థులు అడుగుట సహజము. 1066లో నార్మండీ విలియము ఇంగ్లండును జయించెను. అటుపిమ్మట చాల కాలము దర్బారున, న్యాయస్థానమున ఫ్రెంచి చెల్లెను; పెరటిలో, పొలములో పాత ఇంగ్లీషు నిలిచెను. అందుచేత ‘స్ట్రాంగ్’, ‘మైటీ’, ‘టఫ్’, ‘హార్డ్’ అనునవి పెరటి మాటలు. ‘పవర్‌ఫుల్’, ‘పొటెంట్’, ‘విగరస్’, ‘రోబస్ట్’ ఫ్రెంచి వెంటను, లాటిను వెంటను వచ్చిన దర్బారు మాటలు. మనకు మాత్రము ఇది క్రొత్తయా? బలము, శక్తి అనునవి సంస్కృతమునుండి వచ్చి పీటవేసికొని కూర్చున్నవి. గట్టి, చేవ, వాడి అనునవి ఇంటివి.

చేవ యనగానే ‘రోబస్ట్’ను గూర్చి చెప్పవలెను. నాకు ఈ మాటలన్నింటిలో మిక్కిలి ఇష్టమైనది ఇదియే. లాటినున ‘రోబుర్’ అనగా ఓక్ అను చెట్టు, దాని గట్టికర్ర. ఆ కర్రవలె లోన సారము గలది ‘రోబస్ట్’. దీనికి నిఘంటువు బలమైన అని చెప్పుచుండగా మన వడ్రంగి నోట సరియైన మాట సిద్ధముగా నున్నది. తుమ్మమొద్దును కోసి, పైతెలుపును చెక్కివేసి, లోని నల్లకర్రను చూపి ఇదిగో చేవ యనును. చేవగల మనిషి, చేవ చచ్చిన మనిషి అనుచు మనము ఆ కర్ర గుణమును మనిషికి అంటగట్టితిమి. రోమునగరము వారును అదియే చేసిరి. రెండు జాతులు చెట్టును నరికి చూచి ఒకే మాట కనుగొనుట నాకు ఎంతో ముచ్చటగా తోచును. ఎనుబదియేండ్ల పెద్ద పొలముగట్టున ఊతకర్ర లేక నడచిపోవుచుండగా చూచి ‘రోబస్ట్’ అనవచ్చును. అక్కడ ‘పవర్‌ఫుల్’ అనినచో ఆయన ఏదో పదవిలో నున్నాడని తలతురు.

‘మస్క్యులర్’ అనగా కండలుగలవాడు. ఆ మాటకు మూలమైన లాటిను పదమునకు చిట్టెలుక యని యర్థము. చేయి ముడిచినపుడు చర్మము క్రింద కండ ఎలుకవలె పరుగెత్తుట చూచి ఆ పేరు పెట్టిరట. వస్తాదులు ఈ సంగతి వినకుండుట మంచిది.

‘స్టర్డీ’ కథ వేరు. నేడది మెచ్చుకోలు మాట. కుర్చీ ‘స్టర్డీ’, పిల్లవాడు ‘స్టర్డీ’ యందురు. కాని ఫ్రెంచినుండి వచ్చిననాడు అది దిమ్మతిరిగిన, తెంపరియైన, మొండియైన అను అర్థములతో వచ్చినది. ఎనిమిదవ హెన్రీ కాలమున, 1531లో, ఒడలు గట్టిగా నుండియు బిచ్చమెత్తువారిని కొరడాలతో కొట్టింపవలెనని చట్టము చేసిరి. అట్టివారికి ఆనాటి పేరు ‘స్టర్డీ బెగ్గర్లు’. అనగా ఆ బలమే వారి నేరమైనది. మనకును మొండి యను మాట ఇట్టిదే. మొండివాడని తిట్టుదుము, మొండివాడు రాజుకంటె బలవంతుడని మరల మనమే మెచ్చుకొందుము. ‘స్టౌట్’ అను మాట దీనికి ఎదురుదారిన నడచినది. తొలుత ధైర్యశాలి యనుట, తరువాత దృఢకాయుడనుట, నేడు మనుషుల విషయమున లావైనవాడనుట. పెండ్లిసంబంధమునకు జాబు వ్రాయుచు అమ్మాయి ‘స్టౌట్’ అని వ్రాసినచో ఆ సంబంధము అంతటితో సరి.

‘ఫోర్స్’ కుటుంబమును మాత్రము కొంచెము నిదానముగా చూడవలెను. ఏలయన కాగితములపై, కోర్టులయందు దీని అవసర మెక్కువ. ‘ఫోర్స్‌ఫుల్’ అనగా ధాటిగల, మంచిమాట. ధాటిగల ప్రసంగము, ధాటిగల రచన. ‘ఫోర్సిబుల్’ అనగా బలవంతముగా చేసినది. ఇతరుని భూమిలో దౌర్జన్యముగా ప్రవేశించుటను ‘ఫోర్సిబుల్ ఎంట్రీ’ యందురు. దానిని నిషేధించుచు ఇంగ్లండులో 1381లోనే శాసనము పుట్టినది. ‘ఫోర్స్‌డ్’ అనగా బలవంతమునకు లోబడి జరిగినది. చేయించినవాని బలము ఆ మాటలో కనబడదు, చేసినవాని నిస్సహాయతయే కనబడును. ‘ఫోర్స్‌డ్ లేబర్’ అనగా మన వెట్టిచాకిరి. తెలంగాణ పల్లెలలో వెట్టి యనిన ఏమో పెద్దలకు చెప్పనక్కరలేదు. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 23వ అధికరణమున బేగారును, అట్టి బలవంతపు చాకిరిని నిషేధించినది. మూడు మాటలకును మూలము ఒకటే. తోక మారినంతనే మెప్పు నేరమై, నేరము దైన్యమైనది. అర్జీలో ‘ఫోర్సిబుల్’ అని వ్రాయవలసినచోట ‘ఫోర్స్‌ఫుల్’ అని వ్రాసినచో మన పొలము ఆక్రమించినవానిని మనమే మెచ్చుకొనినట్లగును.

ఇంతవరకు చెప్పినవి వాడుక తీర్చిన మాటలు. ఇక కొలబద్దతో కొలిచి అర్థము బిగించిన మాటలు కొన్ని కలవు. ప్రాణము మీదికి వచ్చునని మొదట చెప్పినది వీనిని గూర్చియే.

పూర్వము ఓడవారు గాలిని గూర్చి ఎవరి యిష్టము వచ్చినట్లు వారు వ్రాయుచుండిరి. ఒకనికి పెనుగాలి మరియొకనికి పిల్లగాలి. ఫ్రాన్సిస్ బోఫర్టు అను బ్రిటిషు నౌకాధికారి 1805లో గాలికి సున్నమొదలు పండ్రెండు వరకు మెట్లు కట్టి, మెట్టునకొక విశేషణమును తగిలించెను. ఏ గాలికి ఓడ ఎన్ని తెరచాపలు ఎత్తగలదో అదియే ఆయన కొల. 1838లో బ్రిటిషు నౌకాదళము దానిని అంగీకరించినది. నాటినుండి ‘స్ట్రాంగ్’ అనునది అక్కడ కవి మాట కాదు, ఆరవ మెట్టు. అదే ‘స్ట్రాంగ్’ను ‘గేల్’కు చేర్చినచో తొమ్మిదవ మెట్టు.

మన వాతావరణశాఖ వారి తుపాను మాటలును ఇట్టివే. గాలి గంటకు 62 కిలోమీటర్లకు చేరినచో తుపాను. 89 నుండి 117 వరకు ‘సివియర్’, మన పత్రికల తీవ్ర తుపాను. 118 నుండి 166 వరకు ‘వెరీ సివియర్’, అతి తీవ్రము. 167 నుండి 221 వరకు ‘ఎక్స్‌ట్రీమ్లీ సివియర్’. 222 మొదలు ‘సూపర్’, పెను తుపాను. మాటలాడునపుడు ‘వెరీ’ అనునది ఉప్పు చల్లినట్లు చల్లు మాట. చాల మంచిది, చాల సంతోషము అనుచుందుము, వినువాడు దానిని తీసివేసియే వినును. హెచ్చరికలో ఆ ‘వెరీ’ని తీసివేసి వినరాదు. బోఫర్టు జాబితాలో పండ్రెండవది, కడపటిది యైన ‘హరికేన్’ ఎక్కడ మొదలగునో మన ‘వెరీ సివియర్’ అక్కడనే మొదలగుచున్నది. అంతేకాదు, గాలి వేగము రెండింతలైనచో గోడపై దాని త్రోపుడు రెండింతలు కాదు, నాలుగింతలగును. 110 కిలోమీటర్ల గాలిని ఓర్చిన రేకుల కప్పు 220కి సగము ఓర్చునని లెక్క వేయరాదు.

ఇందు పెద్దలకు ఒక చిక్కు కలదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచి వేలాది ప్రాణములు పోయిననాటికి వాతావరణశాఖ జాబితాలో ‘సివియర్’ను మించిన మెట్టు లేదు. పై మెట్లు తరువాత చేర్చబడినవి. ‘ఎక్స్‌ట్రీమ్లీ’ అనునది 2015లో వచ్చినది. 2014 అక్టోబరు 12న విశాఖపట్టణమును తాకిన హుద్‌హుద్‌కు నాడు ‘వెరీ సివియర్’ అని పేరు; నేటి జాబితా ప్రకారము అది యింకొక మెట్టు పైన నిలుచును. కావున మా కాలములో తీవ్ర తుపానే అంత చేసినది, ఇప్పుడు అతి తీవ్రమన్నను ఏమియు కాలేదే యని పోల్చుట సరికాదు. మాట అదే, మెట్టు మారినది. విశేషణముతోపాటు కిలోమీటర్ల అంకెను కూడ అడిగి తెలిసికొనుడు.

వానకును ఇట్లే మెట్లున్నవి. ఇరువదినాలుగు గంటలలో 64.5 మిల్లీమీటర్లు మొదలు ‘హెవీ’, 115.6 మొదలు ‘వెరీ హెవీ’, 204.5 మొదలు ‘ఎక్స్‌ట్రీమ్లీ హెవీ’. దీనిని విస్తరింపను.

కడపట పురుగుమందు. మన రైతు దుకాణమునకు పోయి గట్టిమందు ఇమ్మని యడుగును. డబ్బాపై మూలమీద నిలిపిన నలుచదరపు గుర్తు ఒకటి యుండును. దాని క్రింది సగమున రంగు. 1971 నాటి నిబంధనల ప్రకారము ఎఱుపు ‘ఎక్స్‌ట్రీమ్లీ టాక్సిక్’, పసుపు ‘హైలీ టాక్సిక్’, నీలము ‘మాడరేట్లీ టాక్సిక్’, ఆకుపచ్చ ‘స్లైట్లీ టాక్సిక్’. ఎఱుపు చూచి ఇది గట్టిమందని, ఆకుపచ్చ చూచి ఇది నీరుమందని అనుకొనువారిని నేనెరుగుదును. ఆ మాటలు పురుగును గూర్చి చెప్పినవి కావు. ప్రయోగశాలలో జంతువులకు తినిపించి, వానిలో సగము చచ్చుటకు శరీరపు బరువు కిలోకు ఎన్ని మిల్లీగ్రాములు పట్టునో చూచి కట్టిన మెట్లవి. 50 మిల్లీగ్రాముల లోపున సగము చచ్చినచో ఎఱుపు, 500 లోపు పసుపు, 5000 లోపు నీలము, ఆపైన ఆకుపచ్చ. అనగా ఆ గట్టితనము పిచికారీ మోయు మనిషికి, గట్టున మేయు గేదెకు, గిన్నె కడుగుకొను ఇల్లాలికి సంబంధించినది. ఆకుపచ్చ గుర్తుండియు పురుగును చక్కగా చంపు మందులున్నవి. ఎఱ్ఱగుర్తుండియు మన పంట పురుగును ఏమియు చేయజాలనివి యుండవచ్చును. పురుగుపై పనిచేయునదా లేదా యన్నది వేరు ప్రశ్న. దానిని వ్యవసాయాధికారి నడుగవలెను. అట్లని ఆకుపచ్చ డబ్బాను వట్టిచేతులతో కలుపవచ్చునని నేను చెప్పుట లేదు. ‘స్లైట్లీ’ అనగా కొంచెము, లేదని కాదు.

ఈ తుపాను మెట్లను, వాన మెట్లను, డబ్బా రంగులను ఒక పెద్ద కాగితముపై తెలుగు లిపిలో వ్రాసి తెచ్చి కార్యదర్శిగారికి ఇచ్చినాను. దినపత్రికల బల్లకు ఎదురుగా గోడకు అంటింతుమని వారు చెప్పినారు. పొత్తు కుదిరిన మాటల పట్టిక యొకటి విద్యార్థులకై వేరుగా వ్రాసినాను. అది నిఘంటువు లోపలి అట్టకు అంటింపబడును. చదువుకొనిన పిల్లలు దానికి తాము కనుగొనిన మాటలను చేర్చుటకు క్రింద ఖాళీ విడిచినాను.